గోడ మీది పెద్ద తెర – మా ఇంటి దినచర్య

ఆయుర్వేదానికీ, గృహవైద్యానికీ కేటాయించిన పుటలలో టెలివిజన్ ప్రసక్తి ఎందుకని పాఠకులలో కొందరికి అనిపించవచ్చును. కాని ఆహారం, నిద్ర, కూర్చునే తీరు, కంటిచూపు అనే నాలుగింటినీ ఏకకాలంలో తాకే వస్తువు మధ్యతరగతి ఇంటిలో దానికి మించినది మరొకటి కనిపించదు. గత సంవత్సరం మేము 55 అంగుళాల చదును తెర టీవీ కొన్నాము. తరువాతి ఆరు మాసాలలో మా ఇంట జరిగినదీ, దాని వలన నేను ఏర్పరచుకొన్న అభిప్రాయమూ దాచకుండా చెప్పుకొనటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. నేను వైద్యుణ్ణి కాను. పెద్దల వద్ద విన్నదీ, గ్రంథాలలో చదివినదీ ఇంటిలో ఆచరించి చూచుకొనే సామాన్య గృహస్థును మాత్రమే.

మొదట ఒక విషయం ఒప్పుకొనవలెను. టీవీని తీవ్రంగా విమర్శించినవారిలో నేనూ ఒకణ్ణి. ఇంటికి వచ్చిన బంధువులకు కూడా దాని అనర్థాలను గురించి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. అటువంటి నేను అంత పెద్ద తెరను కొనటానికి కారణం మా అమ్మగారు. ఆమె వయస్సు 81 సంవత్సరాలు. రెండు కన్నులకూ శుక్లాల శస్త్రచికిత్స జరిగినా చిన్న అక్షరాలు ఆనవు. వినికిడి కూడా తగ్గింది. మా పాత 32 అంగుళాల టీవీలో మధ్యాహ్నం వచ్చే తిరుమల శ్రీవారి కల్యాణోత్సవం చూచుటకై ఆమె కుర్చీని తెరకు మూడడుగుల దూరానికి లాగుకొని, ముందుకు వంగి కూర్చునేవారు. అది చూడలేక మా అబ్బాయీ నేనూ వెళ్లి పెద్దది తెచ్చాము.

తెచ్చిన మరునాడు ఆమె తన మామూలు చోటనే కూర్చుండి, స్వామివారి మెడలోని హారాలను ఒక్కొక్కటిగా మాకు చూపించారు. ఆ ఆనందం చూచిన తరువాత కొన్నందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఈనాటికీ లేదు. తరువాత వచ్చిన కష్టాలకు తెర కారణం కాదు, మేమే కారణం.

మెడ పట్టు – దాని మూలం

టీవీని బిగించటానికి దుకాణం పంపిన పనివాడు షోకేసు పైన ఖాళీగా ఉన్న గోడను చూపించి, అక్కడ అందంగా ఉంటుందన్నాడు. మేమూ సరేనన్నాము. తెర అడుగు అంచు నేల నుండి అయిదు అడుగుల ఎత్తున ఉన్నది. 55 అంగుళాలనేది మూల నుండి మూలకు కొలత. అటువంటి తెర వెడల్పు సుమారు 4 అడుగులు, ఎత్తు సుమారు 27 అంగుళాలు. అంటే దాని నడిమి భాగం ఆరడుగుల పైమాటే. కుర్చీలో కూర్చున్నవారి కంటి ఎత్తు సుమారు మూడున్నర అడుగులు. చాప మీద కూర్చునేవారికి రెండున్నర అడుగులు మాత్రమే. మా ఇంట సగం మంది చాప మీదనే కూర్చుంటారు.

మూడు వారాలు గడిచేసరికి నాకు మెడ పట్టుకొన్నది. ఉదయం వేడినీటి స్నానం, మూటగట్టిన ఉప్పుతో కాపడం, నువ్వుల నూనె మర్దనం చేసేవాణ్ణి. సాయంత్రానికి తగ్గేది. రాత్రి తొమ్మిదింటికి మళ్లీ మొదలయ్యేది. దిండు మార్చాను, తగ్గలేదు. వయస్సు మీద పడుతున్నదని సరిపెట్టుకొన్నాను.

ఒకనాడు సుశ్రుత సంహిత నిదానస్థానంలో మన్యాస్తంభాన్ని గురించి చదువుతుండగా నా దృష్టి ఒకచోట ఆగింది. మెడ బిగుసుకొనిపోయే ఈ వ్యాధికి చెప్పిన హేతువులలో పగటినిద్ర, సరికాని ఆసనం, చూపు పైకెత్తి చూడటం ఉన్నవి. ఆ మూడవ హేతువును నేను నా చేతులతోనే గోడకు బిగింపించుకొన్నాను! ఉదయం కాపడం పెట్టుకొని, రాత్రి మళ్లీ మూడు గంటలు తల పైకెత్తి కూర్చునేవానికి ఏ నూనె మాత్రం ఏమి చేయగలదు?

నిదాన పరివర్జనం, అనగా రోగ కారణాన్ని విడిచిపెట్టటం, చికిత్సలో ప్రథమ సోపానమని మన వైద్యం చెపుతున్నది. మనం ఈ మాటను నోటితో అంగీకరించి, చేతితో నూనె సీసాను అందుకొంటాము. టీవీని కిందికి దించి, నడిమి భాగం కంటి ఎత్తుకు సమీపంగా ఉండేటట్లు బిగింపించాను. షోకేసు పక్కకు జరుగవలసి వచ్చింది. గోడకు పాత మేకుల గుర్తులు మిగిలాయి. మెడ నొప్పి రెండు వారాలలో తగ్గింది.

కొత్తగా కొనేవారికి నా మనవి ఇది. గోడ అందాన్ని కాక, ఇంటిలో అందరికంటె తక్కువ ఎత్తున కూర్చునేవారి మెడను దృష్టిలో ఉంచుకొని ఎత్తు నిర్ణయించండి. చిన్నపిల్లలున్న ఇంట తెరను బల్ల మీద ఊరికే నిలబెట్టవద్దు. పట్టుకొని లాగితే మీద పడే ప్రమాదమున్నది. కిందికి దించినా గోడకు గట్టిగా బిగించవలసినదే.

అతియోగం, హీనయోగం, మిథ్యాయోగం

పెద్ద తెర కన్నులను పాడుచేస్తుందా అని చాలమంది అడుగుతారు. చరక సంహిత సూత్రస్థానంలో వ్యాధులకు చెప్పిన మూడు మూల కారణాలలో ఒకటి, ఇంద్రియాలకు వాటి విషయాలతో సరికాని సంబంధం ఏర్పడటం. అది మూడు విధాలు. కంటి విషయమే తీసుకొంటే, మిక్కిలి కాంతిగల దృశ్యాలను మితిమీరి చూడటం అతియోగం. అసలే చూడకపోవటం హీనయోగం. మరీ దగ్గరగా, మరీ దూరంగా చూడటం, భయంకరమైనవీ రోత పుట్టించేవీ చూడటం మిథ్యాయోగం. టీవీ పుట్టటానికి ఎన్నో శతాబ్దాలకు పూర్వం చేసిన ఈ విభజన మన హాలుకు ఎంత చక్కగా సరిపోతున్నదో గమనించండి.

కాంతి సంగతి ముందు చూద్దాము. 32 అంగుళాల తెర కంటె 55 అంగుళాల తెర విస్తీర్ణం దాదాపు మూడు రెట్లు. రెండూ ఒకే తీక్ష్ణతతో వెలుగుతుంటే, అదే దూరంలో కూర్చున్నవారి కంటికి చేరే వెలుగు కూడా దాదాపు మూడు రెట్లవుతుంది. దుకాణంలో ట్యూబులైట్ల నడుమ, పక్కనున్న టీవీలతో పోటీపడేటట్లు తెరలను అత్యధిక కాంతిలో ఉంచుతారు. మేము ఆ అమరికతోనే రెండు నెలలు చూచాము, అదీ దీపాలార్పి, సినిమాహాలు వలె. రిమోట్‌లో చిత్రపు అమరికను 'వివిడ్' నుండి 'సినిమా'కు మార్చి, తెర వెనుక గోడ మీద మసక వెలుగు పడేటట్లు ఒక చిన్న దీపం పెట్టిన తరువాత కన్నుల మంట చాలవరకు తగ్గింది. దీనికి పైసా ఖర్చు లేదు; దీపం మాత్రం కొన్నాము.

దూరం విషయంలో పాత లెక్కలు మార్చుకొనవలసి ఉన్నది. వెనుకటి డబ్బా టీవీలలో చిత్రం గీతలు గీతలుగా ఉండేది కనుక పది పన్నెండు అడుగుల దూరంలో కూర్చోమనేవారు. ఈనాటి 4కే తెరలకు మూల నుండి మూలకు ఉన్న కొలతకు సుమారు ఒకటిన్నర రెట్ల దూరం అనుకూలం. 43 అంగుళాలకు సుమారు అయిదున్నర అడుగులు, 55కు సుమారు 7 అడుగులు, 65కు సుమారు 8 అడుగులు. మా గోడకూ కుర్చీలకూ నడుమ 9 అడుగులున్నది కనుక పరిమాణంలో మేము పొరపడలేదు. గది చిన్నదైనవారు పక్కింటివారితో పోటీపడి కొలత పెంచుకొంటే, అది డబ్బిచ్చి మిథ్యాయోగాన్ని కొనితెచ్చుకొన్నట్లే.

ఇక హీనయోగం. టీవీని ఇంటిలో ఉంచనే రాదనే మిత్రులకు నేనిచ్చే సమాధానం ఇదే. చూపు మందగించిన వృద్ధురాలికి ఆమె ఇష్టదైవం కల్యాణం స్పష్టంగా కనపడనీయకపోవటం కూడా ఒక లోపమే కదా. ఆమెకు ఆ పెద్ద తెర కళ్లజోడు వంటిది. మన దోషాలకు శిక్ష ఆమెకు పడరాదు.

ఉప్పు లేని పప్పు

కొన్న రెండవ నెలలో జరిగిన సంగతి. ఆ రాత్రి నేనూ, అబ్బాయీ, కోడలూ, ఆరేళ్ల మనుమడూ కంచాలు పట్టుకొని టీవీ ముందు కూర్చున్నాము. అన్నాలు తిన్నాము, చేతులు కడుగుకొన్నాము. అమ్మ మాత్రం అలవాటు ప్రకారం వంటింటిలో పీట మీద కూర్చుని తింటూ, మొదటి ముద్ద దగ్గరే ఆగి, "పప్పులో ఉప్పు వేయలేదా అమ్మాయీ?" అని నా భార్యను అడిగారు. ఆవిడ రుచి చూచి నాలుక కరచుకొన్నది. నిజంగానే ఉప్పు పడలేదు. నలుగురం కడుపునిండా తిన్నాము; ఒక్కరికీ తెలియలేదు. నా భార్య మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవటమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఉప్పే తెలియని నాలుకకు, చాలునన్న సంగతి ఏ విధంగా తెలుస్తుంది? చరక సంహిత విమానస్థానంలో భోజన విధిని చెపుతూ, మరీ త్వరగాను, మరీ నెమ్మదిగాను తినక, మాటలూ నవ్వులూ మాని, మనస్సును అన్నం మీదనే ఉంచి తినవలెనన్నారు. కనుక భోజనవేళ కబుర్లు పోయాయని నేను వాదించటం లేదు. శాస్త్రం కబుర్లనూ వద్దన్నది. పోయినది అన్నం మీది ధ్యాస. ధ్యాస లేనివాడు ఆకలిని మించి తింటాడు, లేదా నమలకుండా మింగుతాడు. మా మనుమడు తెర చూస్తే తప్ప నోరు తెరవని స్థితికి వచ్చాడు. నోరు తెరిపించటం సులభమైంది కదా అని మేమూ ఊరుకొన్నాము.

ఆ మరునాటి నుండి కంచం హాలులోకి రాదన్న నియమం పెట్టుకొన్నాము. మొదటి వారం మనుమడు ఏడ్చాడు, అన్నం వదిలివేశాడు. అబ్బాయికి కోపం వచ్చింది. నాకూ ఏమీ తోచక అటూ ఇటూ తిరిగాను. రెండవ వారానికి ఆకలి తన పని తాను చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన సూచనలలో రెండేళ్లు నిండని పిల్లలకు తెర చూపవద్దనీ, రెండు నుండి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు ఒక గంటకు మించరాదనీ ఉన్నది. మావాడు ఆ వయస్సు దాటినా, మేము ఆ గంటనే హద్దుగా పెట్టుకొన్నాము.

ఆపుకొనే వేగాలు

దూరదర్శన్ హైదరాబాదు కేంద్రం 1977లో ప్రసారాలు ఆరంభించిన రోజులు నాకు జ్ఞాపకమున్నవి. 1987, 1988 సంవత్సరాలలో ఆదివారం ఉదయం రామాయణం వచ్చే వేళకు వీధివీధంతా టీవీ ఉన్న ఇంట చేరేది. అయిపోగానే ఎవరి ఇంటికి వారు వెళ్లేవారు. రాత్రి వేళకు ప్రసారమే ముగిసేది. ఎప్పుడు ఆపవలెనో కేంద్రంవారే నిర్ణయించేవారు కనుక మనకు ఆ శ్రమ లేకపోయింది. ఈనాటి టీవీకి ముగింపు లేదు. ఒక భాగం పూర్తికాగానే కొన్ని క్షణాలలో తరువాతి భాగం తనంత తానే మొదలవుతున్నది.

బలవంతంగా ఆపుకొనరాని వేగాలు పదమూడింటిని చరకుడు చెప్పాడు. వాటిలో మూత్రం, ఆవులింత, నిద్ర కూడా ఉన్నవి. రాత్రి పదకొండింటికి మా హాలులో ఈ మూడింటినీ ఒకేసారి ఆపుకొనే మహానుభావుణ్ణి నేనే. "ఈ ఒక్కటీ అయిన తరువాత" అనుకొంటూ పన్నెండు దాటించేవాణ్ణి. వెనుకటి రోజులలో ప్రకటనలు వచ్చినప్పుడైనా లేచేవాళ్లము. ఇప్పుడు కొన్నింటిలో ఆ విరామమూ లేదు. రాత్రివేళ తీక్ష్ణమైన వెలుగు కంటిలో పడితే నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే స్రావం తగ్గుతుందని ఆధునిక వైద్యులు చెపుతారు. దానికి తోడు కథలోని ఉద్వేగం మనస్సును పట్టుకొని వదలదు. తెల్లవారుజామున అయిదింటికి లేచే అలవాటు నాకు నలభై ఏళ్లుగా ఉన్నది. ఆ రోజులలో అది తప్పిపోయింది. దానితో మలబద్ధకం, ఆకలి మందగించటం, పగటినిద్ర ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆహారంతో పాటు నిద్రను కూడా శరీరానికి ఉపస్తంభమన్నారు పెద్దలు. ఒక స్తంభాన్ని కదిలించినప్పుడు రెండవది నిలుస్తుందా?

ఇప్పుడు తరువాతి భాగం తనంత తానే మొదలుకాకుండా అమరికలో మార్చాము. రాత్రి తొమ్మిదిన్నరకు రిమోట్ నా భార్య చేతికి వెళుతుంది. ఆ అధికారాన్ని ఆవిడ దయాదాక్షిణ్యాలు లేకుండా వినియోగిస్తున్నది.

అమ్మ అన్న మాట

ఇవన్నీ నాకు నేనుగా గ్రహించి చేసినవని పాఠకులు భావించవద్దు. వీటికన్నిటికీ వెనుక అమ్మ అన్న ఒక్క మాట ఉన్నది. ఒక రాత్రి మేమందరం ఏదో సినిమా చూస్తుండగా ఆమె వెనుక కుర్చీలో కూర్చున్నారు. నేను వెనుకకు తిరిగి, "అమ్మా, బాగా కనపడుతోందా?" అని కేకవేసి అడిగాను. "బొమ్మ బాగానే కనపడుతోందిరా అబ్బాయీ. మీ మొహాలే కనపడటం లేదు" అన్నారు.

నేను చుట్టూ చూచాను. పాత టీవీ మూలన ఉన్నప్పుడు మా హాలులో కుర్చీలు ఎదురెదురుగా ఉండేవి. కొత్తది వచ్చిన తరువాత అన్నింటినీ గోడవైపు తిప్పివేశాము. వినికిడి తగ్గిన మనిషి ఎదుటివారి పెదవుల కదలిక చూచి మాట గ్రహిస్తుంది. మేము ఆమె కోసమని టీవీ కొని, ఆమెకు మా వీపులు చూపించి కూర్చున్నాము. ఆ ఆరు మాసాలలో ఆమెతో నేను కూర్చుని మాట్లాడినది ఎన్నిసార్లో లెక్కించుకోబోతే, చేతివేళ్లు మిగిలిపోయాయి.

ఆ మరుసటి ఆదివారం కుర్చీలను మళ్లీ పూర్వం వలె వేశాము. టీవీ చూడదలచినవారు కుర్చీ తిప్పుకొనవలెను, అయిపోయిన తరువాత యథాస్థానంలో ఉంచవలెను. ఈ చిన్న శ్రమ వలన అనవసరంగా టీవీ పెట్టటం సగానికి తగ్గిందంటే పాఠకులు నమ్మకపోవచ్చును. ఇంట ప్రయత్నించి చూడండి.

పాటించదగిన కొన్ని ఉపచారాలు

తెరను తదేకంగా చూచేటప్పుడు మనం రెప్పలు వేయటం తగ్గిస్తాము. కన్నుల మంట, ఎండినట్లుండటం ఎక్కువగా అందువల్లనే. ప్రతి 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూచి, నాలుగైదుసార్లు నిదానంగా రెప్పలు మూసి తెరవటం మంచిది. ఇది కంటి అలసటే తప్ప, చూపు పోవటం కాదు, భయపడనవసరం లేదు. పిల్లలను మాత్రం రోజూ కొంతసేపు ఆరుబయట ఆడుకోనివ్వండి. దగ్గరి వస్తువులే స్పష్టంగా కనపడే హ్రస్వదృష్టి రాకుండా అది తోడ్పడుతుంది.

రాత్రి నిద్రకు ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దనం చేయటం నిద్రకూ, చూపుకూ హితమని మన గ్రంథాలు చెపుతున్నవి. తొమ్మిదిన్నరకు టీవీ ఆపిన తరువాత నేను అమ్మ పాదాలకు నూనె రాస్తున్నాను. పని పూర్తికాగానే పొడిగుడ్డతో తుడవటం మరువరాదు. నూనె కాళ్లతో వృద్ధులు లేచి నడిస్తే జారిపడతారు.

త్రిఫల చూర్ణాన్ని రాత్రివేళ తేనె, నేతులతో సేవించటం కన్నులకు బలమని వాగ్భటుడు చెప్పాడు. తేనె, నెయ్యి సమపాళ్లలో కలపరాదు. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, విరేచనాలవుతున్నవారు వైద్యుని అడగకుండా దీనిని వాడవద్దు. ఎంత మంచిదని ఎవరు చెప్పినా తేనెను గాని, ఆకు రసాలను గాని ఇంటిలో తయారుచేసి కంటిలో వేసుకొనరాదు. శస్త్రచికిత్స జరిగిన కన్నుల విషయంలో ఇది మరీ ముఖ్యం. చూపు హఠాత్తుగా మసకబారినా, మెరుపులు కనిపించినా, కన్ను ఎర్రబడి నొప్పిచేసినా గృహవైద్యం కట్టిపెట్టి వెంటనే కంటి వైద్యుని వద్దకు వెళ్లండి.

పెద్ద టీవీ కొనవచ్చునా అని నన్నడిగితే, కొనవచ్చుననే అంటాను. అయితే దుకాణానికి వెళ్లేముందు గోడను కొలవండి, కూర్చునే ఎత్తును కొలవండి. ఇంటిలో అన్నం తినే చోటూ, నిద్రించే వేళా ముందుగానే నిర్ణయించుకోండి. కుర్చీల ముఖాలు ఎటు ఉండవలెనో కూడా ఆనాడే అనుకోండి. మా అమ్మ మధ్యాహ్నం కల్యాణోత్సవం చూచి, హారతి కన్నులకద్దుకొని, తన చేతితో తానే టీవీ ఆపి లేస్తారు. ఆ పెద్ద తెరను వాడవలసిన రీతిలో వాడుతున్నది మా ఇంట ఆమె ఒక్కరే. మిగిలిన వారము ఇంకా నేర్చుకొంటున్నాము.